శ్రీకాకుళం, విజయనగరం దారుల్లో ఎలక్ట్రిక్ కారు చార్జింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లూ, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లూ అడిగేవి అటూ ఇటూగా ఇవే. పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాయన అడుగుతాడు, హైదరాబాద్ నుంచి తోడల్లుడు ఫోన్ చేసి అడుగుతాడు, పక్క వీధి మాస్టారు కారు ఆపి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోవచ్చు.

అందరూ ముందు అడిగేది చార్జర్ ఎంత స్పీడని. నేనైతే మన రెండు జిల్లాల్లో అది పనిచేస్తోందా లేదా అని ముందు కనుక్కుంటాను. స్పీడు సంగతి తర్వాత.

## బయలుదేరే ముందు

విశాఖ నుంచి ఇచ్ఛాపురం వరకు ఒక్క చార్జింగ్‌తో వెళ్లిపోవచ్చా?

పెద్ద బ్యాటరీ కారైతే వెళ్లొచ్చు, చిన్నదైతే కష్టం. దూరం సుమారు 240 కిలోమీటర్లు. కంపెనీ చెప్పిన రేంజ్‌లో హైవే మీద మూడింట రెండొంతులు వస్తుందని లెక్క వేసుకోండి. అంటే బ్రోచర్‌లో 300 అని ఉన్న కారు, నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని, తొంభైలో నడిపితే 200 ఇస్తే సంతోషించాలి. వంద దాటిస్తే అదీ రాదు.

కాబట్టి మధ్యలో ఒకసారి ఆగాలి. ఎక్కడ ఆగాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది బ్యాటరీ అడుగంటే దాకా నడిపి పలాసలోనో సోంపేటలోనో చూసుకుందాం అనుకుంటారు. అక్కడి చార్జర్ పనిచేయకపోతే ఇక వెనక్కీ ముందుకీ దారి ఉండదు. శ్రీకాకుళం చుట్టుపక్కలే ఒక ఇరవై నిమిషాలు ఆగి కొంత ఎక్కించుకుంటే, టెక్కలి, పలాస దాటేటప్పుడు టెన్షన్ లేకుండా ఉంటుంది. అవసరం లేనప్పుడు చార్జ్ చేయడం టైమ్ వేస్ట్ అనిపిస్తుంది కానీ ఈ దారిలో అది దండగ కాదు.

మ్యాప్‌లో స్టేషన్ చూపిస్తోంది. అది నిజంగా పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది?

మ్యాప్‌లో ఆకుపచ్చ గుర్తు ఉందంటే చార్జర్‌కి నెట్ కనెక్షన్ ఉందని మాత్రమే అర్థం. గన్ (కారుకి తగిలించే పెద్ద ప్లగ్) విరిగిపోయినా, లాక్ పడకపోయినా యాప్‌కి తెలియదు, ఆకుపచ్చగానే చూపిస్తుంది. ఒక్కోసారి దీనికి తలకిందులుగా, లోపలి సిమ్‌కి సిగ్నల్ లేక ఆఫ్‌లైన్ అని చూపించిన మెషిన్ కంపెనీ ఇచ్చే కార్డుతో చక్కగా పనిచేస్తుంది.

నమ్మదగ్గ గుర్తు ఒకటుంది: చివరిసారి ఎప్పుడు ఎవరు చార్జ్ చేశారు అన్నది. కొన్ని యాప్‌లు ఇది చూపిస్తాయి. లేకపోతే ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లలో కారు నడిపేవాళ్లు రాసిన మాటలు చూడండి. నాలుగు నెలల క్రితం ఒకరు "సూపర్" అని రాసింది లెక్కలోకి తీసుకోకండి. ఈ వారంలో ఎవరైనా రాశారా చూడండి.

అన్నిటికంటే మేలైనది ఫోన్. ఆ బంకుకో హోటల్‌కో ఫోన్ చేయండి. "చార్జింగ్ ఉందా?" అని అడిగితే "ఉంది సార్, రండి" అంటారు. మెషిన్ అక్కడ నిలబడి ఉంది కాబట్టి వాళ్లు చెప్పింది అబద్ధమూ కాదు. అలా కాకుండా "ఈరోజు పొద్దున్నుంచి ఏ కారైనా చార్జ్ అయిందా?" అని అడగండి. అప్పుడు ఆ కుర్రాడు కాస్త ఆగి, "రెండ్రోజుల నుంచి రావట్లేదండీ" అని అసలు మాట చెబుతాడు.

ఎన్ని యాప్‌లు పెట్టుకోవాలి? ఒక్కటి చాలదా?

చాలదు. టాటా పవర్ ఈజీ చార్జ్, స్టాటిక్, చార్జ్‌జోన్, జియో-బీపీ, ఆయిల్ కంపెనీల సొంత యాప్‌లు, ఇలా ఎవరి దుకాణం వారిది. పెట్రోల్ బంకులో నోటు తీసి ఇచ్చినట్టు ఇక్కడ కుదరదు. మీ దారిలో ఏయే కంపెనీల స్టేషన్లు ఉన్నాయో చూసి మూడు యాప్‌లు వేసుకోండి. ఇంట్లో ఉండగానే రిజిస్టర్ అయి, కారు వివరాలు ఎక్కించి, వాలెట్‌లో రెండు మూడు వందలు ఉంచుకోండి. హైవే పక్కన ఎండలో నిలబడి ఓటీపీ కోసం చూసే అవస్థ తప్పుతుంది. ఏ కంపెనీ అయినా మెషిన్‌కి ఆనించి చార్జింగ్ మొదలుపెట్టే ఆర్ఎఫ్ఐడీ కార్డు ఇస్తానంటే తీసుకోండి. ఫోన్ సిగ్నల్ లేనిచోట కార్డే దిక్కు.

మా కారుకి ఏ గన్ పడుతుంది?

ఇప్పుడు మన దేశంలో అమ్ముతున్న చాలా కార్లకు ఫాస్ట్ (డీసీ) చార్జింగ్‌కి సీసీఎస్2 అనే గన్, స్లో (ఏసీ) చార్జింగ్‌కి టైప్2 అనే గన్. కొన్ని చోట్ల పాత భారత్ డీసీ-001 మెషిన్లు ఇంకా కనిపిస్తాయి. 15 కిలోవాట్లవి. వాటి గన్ వేరు, మీ కారుకి పట్టదు. ఎంజీ కామెట్ లాంటి చిన్న కారుకి డీసీ ఫాస్ట్ చార్జింగే లేదు. దాన్ని సిటీలో తిరగడానికి కొనుక్కోండి, ఇచ్ఛాపురం ప్రయాణాలకు కాదు.

సంక్రాంతికి ఊరొస్తున్నాం. క్యూ ఉంటుందా?

ఉంటుంది. భోగికి ముందు రెండు రోజులు, కనుమ తర్వాత రెండు రోజులు హైదరాబాద్, విశాఖ బళ్లన్నీ ఈ హైవే మీదే ఉంటాయి. ఒక్క గన్ దగ్గర ముందు ఇద్దరుంటే మీ వంతు వచ్చేసరికి గంటన్నర. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకు ఆగేలా ప్లాన్ చేసుకుంటే ఖాళీగా దొరికే అవకాశం ఎక్కువ. రథసప్తమికి అరసవల్లి, సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లేవాళ్లకు ఇంకో మాట: ఆ రోజుల్లో ఊరి లోపలి రోడ్లు మళ్లిస్తారు. పట్టణం మధ్యలో ఉన్న చార్జర్‌ని నమ్ముకోకుండా బైపాస్ మీద ఉన్నదాన్ని చూసుకోండి.

సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లాలి. బ్యాటరీ ఎంత తింటుంది?

విజయనగరం నుంచి సాలూరు వరకు సుమారు 60 కిలోమీటర్లు మామూలు రోడ్డే, దాన్ని గురించి బెంగ లేదు. సాలూరు దాటాక ఘాట్. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. పదిహేడు వందల కిలోల కారుని ఆ ఎత్తుకు చేర్చడానికే మూడున్నర యూనిట్ల దాకా అవుతుంది. ఇది దూరానికయ్యే ఖర్చు మీద అదనం. 30 యూనిట్ల బ్యాటరీలో పది, పన్నెండు శాతం అన్నమాట. భయపడాల్సినంత కాదు, లెక్కలో లేకపోతే మాత్రం ఇబ్బంది. విజయనగరంలోనే నింపుకుని బయలుదేరండి. ఘాట్ మీద చార్జర్ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

దిగేటప్పుడు రీజెన్‌తో, అంటే వేగం తగ్గించేటప్పుడు మోటారే కరెంటు తయారు చేసి బ్యాటరీలోకి పంపడంతో, కొంత తిరిగొస్తుంది. అందుకని పైన నూటికి నూరు నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీలోకి తిరిగి ఎక్కించడానికి చోటుండదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. తొంభై దగ్గర ఆపేయడం మంచిది.

## స్టేషన్‌కి చేరాక

గన్ పెట్టాను, ఏమీ అవ్వట్లేదు. ఏం చెయ్యాలి?

ముందు మెషిన్ మీద పుట్టగొడుగులా ఉబ్బెత్తుగా ఉండే ఎర్ర బటన్ చూడండి. అది ఎమర్జెన్సీ స్టాప్. పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తారు, పని అయిపోయిందని ఎవరో పెద్దాయన కూడా దాన్నే నొక్కి వెళ్తాడు. నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది, మెషిన్ పూర్తిగా ఆగిపోతుంది. హైవే పక్క ఒక హోటల్ దగ్గర మూడు రోజులుగా పాడైందని అట్టముక్క వేలాడదీసిన చార్జర్‌కి ఉన్న రోగం ఇదే. బటన్‌ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పితే టక్కున బయటికొస్తుంది. తర్వాత రెండు నిమిషాలు ఆగండి, స్క్రీన్ మళ్లీ మొదలవుతుంది. అయితే మెషిన్ నుంచి కాలిన వాసన వస్తున్నా, కేబుల్ చీలి కనిపిస్తున్నా ఆ బటన్ ఎవరో కావాలనే నొక్కి ఉంటారు. ముట్టుకోకండి.

అది కాదంటే గన్ సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. ఫాస్ట్ చార్జర్ కేబుల్ బరువుగా ఉంటుంది. ఆ బరువుకి గన్ కిందికి వాలి, కారులోని లాక్ పిన్ను పట్టదు. ఒక చేత్తో గన్‌ని కింది నుంచి పైకి ఎత్తి పట్టుకుని, కారు దాన్ని లాక్ చేసిన శబ్దం వినిపించేదాకా అలాగే ఉంచండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఇంకా కాకపోతే గన్ తీసి, కారు లాక్ చేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ మొదటి నుంచి రండి. కొన్ని మెషిన్లకు ముందు గన్, తర్వాత యాప్. కొన్నిటికి ముందు యాప్. స్క్రీన్ మీద రాసి ఉంటుంది కానీ ఎండలో ఆ స్క్రీన్ కనిపించదు, చెయ్యి అడ్డం పెట్టుకుని చదవాలి. రెండో గన్ ఉంటే దానికి మారండి. మూడుసార్లు ప్రయత్నించినా రాకపోతే అక్కడ ఇక సమయం పెట్టకండి. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి దూరం నుంచే రీస్టార్ట్ చేయమని అడగండి. పది నిమిషాల్లో తేలకపోతే తర్వాతి స్టేషన్‌కి బయలుదేరడమే నయం.

బంకులో కుర్రాళ్లని అడిగితే మాకు తెలీదంటున్నారు. మరి బాధ్యత ఎవరిది?

వాళ్లకు నిజంగానే తెలియదు, కోప్పడి లాభం లేదు. స్థలం బంకువాళ్లది. మెషిన్ నడిపేది ఒక చార్జింగ్ కంపెనీ. దాన్ని తయారు చేసింది ఇంకో కంపెనీ. కరెంటు మన వైపు సరఫరా చేసే ఈపీడీసీఎల్‌ది. గన్ విరిగితే నడిపే కంపెనీ తయారీదారుకి చెప్పాలి, విడిభాగం ఏ పుణె నుంచో బెంగళూరు నుంచో రావాలి, బిగించడానికి విశాఖ నుంచి టెక్నీషియన్ రావాలి. విశాఖలో పాడైతే మర్నాటికి బాగయ్యేది, కంచిలి వైపు పాడైతే వారం పడుతుంది. మన దగ్గర నమ్మకం తక్కువగా ఉండడానికి మెషిన్ నాసిరకం అవడం కన్నా ఈ దూరమే పెద్ద కారణమని నా ఉద్దేశం.

మీరు చేయగలిగింది: మెషిన్ మీద ఉన్న ఐడీ నంబరు, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ కోడ్ ఫొటో తీసి యాప్‌లో ఫిర్యాదు పెట్టడం. "పనిచేయట్లేదు" అని రాస్తే పక్కన పడేస్తారు. కోడ్‌తో రాస్తే ఏ విడిభాగం తేవాలో తెలిసి టెక్నీషియన్ ఒక్కసారికే పని ముగించి వెళ్తాడు.

యాప్‌లో పేమెంట్ అవ్వట్లేదు. పక్కనున్న ఆయన్ని అడిగి చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, అందరూ చేస్తున్నదే. ఆయన యాప్‌తో స్టార్ట్ చేసి, మీరు ఆయనకి యూపీఐ కొట్టేయడమే. మీ ఫోన్‌కి సిగ్నల్ లేకపోతే ముందు హోటల్ వైఫై అడిగి చూడండి. యాప్ తెరుచుకుంటే వాలెట్‌లో ఉన్న డబ్బుతో నడిచిపోతుంది, బ్యాంకు ఓటీపీ అవసరం పడదు.

చార్జింగ్ చోటులో పెట్రోల్ కారు పెట్టేసి టిఫిన్‌కి వెళ్లిపోయారు. ఏం చేస్తాం?

నంబరు చూసి హోటల్‌వాళ్లతో పిలిపించండి. మన దగ్గర చాలామందికి అది పార్కింగ్ చోటు కాదనే తెలియదు, నీడగా ఉందని పెడతారు. గొడవ పెట్టుకోకుండా "బాబూ, చార్జింగ్ పెట్టుకోవాలి, కాస్త తీస్తారా" అంటే తీస్తారు. మరీ కుదరకపోతే కేబుల్ ఎంత దూరం వస్తుందో చూడండి, పక్కన అడ్డంగా నిలిపినా అందే సందర్భాలున్నాయి.

గన్ ఇరుక్కుపోయింది, రావట్లేదు!

లాగకండి. యాప్‌లో సెషన్ ఆపండి, కారుని కీతో ఒకసారి లాక్ చేసి మళ్లీ అన్‌లాక్ చేయండి, అన్‌లాక్ అయిన కొన్ని సెకన్లలోనే, గన్ మీద బటన్ ఉంటే అది నొక్కి, తిన్నగా బయటికి లాగండి. చాలా కార్లకు చేత్తో లాక్ విడిపించే తాడో లీవరో ఉంటుంది. అది ఎక్కడుందో కారు పుస్తకంలో ఈరోజే చూసి పెట్టుకోండి.

## వేగం

బోర్డు మీద 60 కిలోవాట్ అని ఉంది, నా కారు 28 మాత్రమే తీసుకుంటోంది. ఇది మోసమా?

చాలావరకు కాదు. దీనికి మూడు కారణాలుంటాయి, మీది ఏదో చూసుకోండి.

రెండు గన్‌లున్న 60 కిలోవాట్ మెషిన్ చాలాచోట్ల రెండింటికీ 30, 30గా పంచుతుంది. పక్క గన్‌కి ఇంకో కారు తగిలించి ఉంటే మీకొచ్చేది సగమే. కొన్ని మెషిన్లు పక్క గన్ ఖాళీగా ఉంటే మొత్తం మీకే ఇస్తాయి, కొన్ని ఇవ్వవు.

రెండోది, చార్జర్ ఎంత ఇవ్వగలిగినా మీ కారు తనకు కావలసినంతే అడుగుతుంది. కిలోవాట్ అంటే వోల్టేజీని ఆంపియర్లతో గుణించడమే. మీ బ్యాటరీ 320 వోల్టులు, అది తీసుకోగలిగింది 100 ఆంపియర్లు అయితే 32 కిలోవాట్లకు మించి రాదు. ఆ కారుని 120 కిలోవాట్ చార్జర్‌కి తగిలించినా అంతే. మహీంద్రా బీఈ 6 లాంటి కార్లు 140, 175 కిలోవాట్ల దాకా లాగగలవు. వాళ్లకు పెద్ద మెషిన్ వెతుక్కోవడం వల్ల లాభం ఉంది. టియాగో ఈవీ లాంటి చిన్న కారు నడిపేవాళ్లకు 30 కిలోవాట్ మెషిన్ పనిచేస్తుంటే చాలు.

మూడోది వేడి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మెషిన్ ఫ్యాన్లు గోల పెడుతుంటే వినండి. లోపల వేడెక్కితే అది తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. లారీల దుమ్ముకి ఫిల్టర్లు పూడుకుపోయిన మెషిన్ మరీ తొందరగా వేడెక్కుతుంది.

ఈ మూడూ కాకుండా, ఒక్క కారే ఉండి, బ్యాటరీ 30 శాతంలో ఉండి, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కూడా సగమే వస్తోందంటే లోపల ఒక పవర్ మాడ్యూల్ పోయి ఉంటుంది. అది ఫిర్యాదు చేయాల్సిన సంగతి.

ఎంతసేపు పడుతుంది? లెక్క చెప్పండి.

ఎక్కించాల్సిన యూనిట్లను వస్తున్న కిలోవాట్లతో భాగించండి. 30 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవాలంటే 18 యూనిట్లు కావాలి. సగటున 25 కిలోవాట్లు వస్తే 43 నిమిషాలు. 7.2 కిలోవాట్ స్లో (ఏసీ) చార్జర్ మీద రెండున్నర గంటల పైన. ఇంట్లో 3.3 కిలోవాట్ ప్లగ్ మీద, మధ్యలో పోయేది కలుపుకుని ఆరు గంటలు. బోర్డు మీది అంకెతో లెక్క వేయకండి. గన్ పెట్టిన ఐదు నిమిషాల తర్వాత స్క్రీన్ మీద కనిపించే అంకెతో వేయండి.

80 శాతం దాటాక ఎందుకంత నీరసంగా ఎక్కుతుంది?

సెల్స్ నిండే కొద్దీ వాటి వోల్టేజీ పరిమితి దగ్గర పడుతుంది, అందుకని కారులో బ్యాటరీని కాపాడే బీఎంఎస్ అనే కంప్యూటర్ కరెంటు తగ్గిస్తూ పోతుంది. సినిమా హాల్లో మొదట వచ్చినవాళ్లు చకచకా కూర్చుంటారు, ఆఖరివాళ్లు ఖాళీ సీటు వెతుక్కుంటూ తిరుగుతారు, అలా. 80 నుంచి 100కి పట్టే సమయంలో మీరు నలభై, యాభై కిలోమీటర్లు వెళ్లిపోవచ్చు. తర్వాతి స్టేషన్ మీద నమ్మకం ఉంటే 80కి తీసేయండి. టెక్కలి దాటి ఉత్తరానికి వెళ్తూ ముందున్నది పనిచేస్తుందో లేదో తెలియనప్పుడు మాత్రం 90 దాకా కూర్చోవడంలో తప్పులేదు. వెనక ఎవరైనా ఎదురుచూస్తుంటే వాళ్లది ఎంత శాతంలో ఉందో అడగండి. 8 శాతంతో వచ్చినవాళ్లకి చోటివ్వడం మర్యాద.

రోజూ ఫాస్ట్ చార్జింగ్ చేస్తే బ్యాటరీ పాడవుతుందా?

వేడి, ఎక్కువ కరెంటు బ్యాటరీ వయసుని కొంత తగ్గిస్తాయి. నెలకు నాలుగైదుసార్లు ప్రయాణాల్లో చేసుకుంటే ఆలోచించక్కర్లేదు. ఇంట్లో ప్లగ్ పెట్టుకునే వీలుండి కూడా రోజూ బంకులో చేస్తే ఖర్చూ ఎక్కువే, బ్యాటరీకీ అంత మంచిది కాదు.

## డబ్బు

యూనిట్‌కి ఎంత? బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిందేంటి?

హైవే ఫాస్ట్ చార్జర్ల దగ్గర యూనిట్ ధర ఇంటి కరెంటు కన్నా రెండు మూడు రెట్లు ఉంటుంది. యాప్‌లో కనిపించే ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. కొందరు దాన్ని కలిపి చూపిస్తారు, కొందరు విడిగా. 18 రూపాయలని చూసి గన్ పెట్టినాయన బిల్లులో 21 పైన పడిందని గగ్గోలు పెట్టేది ఇందుకే. చార్జింగ్ అయిపోయాక గన్ తీయకపోతే నిమిషానికి ఇంత అని వేసేవాళ్లూ ఉన్నారు. పగలు సోలార్ కరెంటు ఉండే గంటల్లో ఒక రేటు, రాత్రికి ఇంకో రేటు పెట్టే కంపెనీలున్నాయి కాబట్టి గన్ పెట్టే ముందు ధర ఒకసారి చూడండి.

చార్జింగ్ మధ్యలో ఆగిపోయింది, డబ్బు మాత్రం కట్ అయింది.

ఎక్కువ యాప్‌లు ముందు కొంత పట్టి ఉంచి, సెషన్ ముగిశాక మిగిలింది వాలెట్‌లో వేస్తాయి. నెట్ పోయి సెషన్ సరిగ్గా ముగియకపోతే ఆ మిగులు ఇరుక్కుపోతుంది. కారు డాష్‌బోర్డు మీది శాతం, మెషిన్ స్క్రీన్ మీది యూనిట్లు ఫొటో తీసి పంపితే సాధారణంగా తిరిగొస్తుంది. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. నూట యాభై రూపాయలకు అంత అవసరమా అనుకోకండి, ఫిర్యాదు నంబరు చూశాక కంపెనీ కదులుతుంది.

## వాన, కరెంటు, తుఫాను

వానలో గన్ పట్టుకుంటే షాక్ కొడుతుందా?

బాగున్న గన్ అయితే కొట్టదు. గన్‌లో లావు పిన్నులతో పాటు సన్నవి ఉంటాయి. వాటి ద్వారా కారూ మెషినూ ముందు మాట్లాడుకుంటాయి. గన్ పూర్తిగా కూర్చుని, లాక్ పడి, లోపల లీకేజీ లేదని తేలాకే కరెంటు వదులుతాయి. చేతిలో ఉన్నప్పుడు అందులో కరెంటు ఉండదు. గన్ నేల మీద నీటి గుంటలో పడి ఉంటే మాత్రం వాడకండి. మెషిన్ చుట్టూ మోకాలి లోతు నీళ్లున్నా వద్దు.

కరెంటు పోతే? బంకులో జనరేటర్ ఉంటుంది కదా.

ఉంటుంది, కానీ అది పంపులకూ లైట్లకూ. ఒక 60 కిలోవాట్ మెషిన్‌ని నడపాలంటే పెద్ద జనరేటర్ కావాలి, బంకువాళ్లు అంతది పెట్టరు. కరెంటు వచ్చేదాకా ఆగాల్సిందే. ఇంకో విచిత్రం: బంకులో లైట్లు వెలుగుతుంటాయి, చార్జర్ మాత్రం చచ్చినట్టు పడి ఉంటుంది. ఫాస్ట్ చార్జర్‌కి మూడు ఫేజులూ కావాలి. ఒక ఫేజు పోతే ఆ ఒక్కదాని మీద లేని లైట్లు వెలుగుతాయి కానీ మెషిన్ లేవదు. లైన్ సంగతైతే 1912కి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఫేజు పోయిందని స్పష్టంగా చెబితే లైన్‌మన్ త్వరగా పట్టుకుంటాడు.

తుఫాను హెచ్చరిక వచ్చింది. కారుని ఏం చేయాలి?

హెచ్చరిక వచ్చిన రోజే ఇంట్లో నింపేసుకోండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు వరుసగా పడిపోయి ఉద్దానం ఊళ్లకు చాలా రోజులు కరెంటు లేదు. 2014లో హుద్‌హుద్‌కి విజయనగరం వైపూ అదే పరిస్థితి. అలాంటప్పుడు హైవే చార్జర్లు కూడా రావు. డీజిల్ అయితే డ్రమ్ములో తెచ్చుకోవచ్చు, కరెంటుని తేలేం. నిండుగా ఉన్న కారు వారం పాటు ఆసుపత్రికీ బజారుకీ సరిపోతుంది. కారు నుంచి కరెంటు తీసుకునే సదుపాయం మీ మోడల్‌కి ఉంటే ఫోన్లూ ఒక ఫ్యానూ నడుస్తాయి. చెట్టు కింద, పల్లంలో పెట్టకండి.

## ఊళ్లో, ఇంటి దగ్గర

అత్తగారి ఊళ్లో మామూలు ప్లగ్‌కి పెట్టుకోవచ్చా?

ఏసీకో మోటారుకో వాడే 15 ఆంపియర్ల ప్లగ్ అయి, ఎర్తింగ్ బాగుంటే పెట్టుకోవచ్చు. ఎర్తింగ్ దగ్గరే చాలా ఇళ్లలో తేడా వస్తుంది. గోతిలో ఉప్పు, బొగ్గు వేసి పాతిన పైపు ఏళ్లకేళ్లు ఎండిపోయి ఉంటుంది. చార్జర్ బాక్సు మీద ఎర్ర లైటు వెలిగి, కారు తీసుకోనంటుంది. ఆ గోతిలో రెండు బిందెల నీళ్లు పోసి చూడండి, వేసవిలో చాలాసార్లు దీంతో లైన్లో పడుతుంది. ఇది తాత్కాలికమే, ఎలక్ట్రీషియన్‌తో కొత్త ఎర్త్ వేయించమని మామగారితో చెప్పండి. ఎర్త్ పిన్ను తీసేసి, దొంగ ఎర్త్ ఇచ్చి నడిపించే చిట్కాలు ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణాల మీదికొస్తుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకండి. అరగంట తర్వాత ప్లగ్‌ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడుంటే ఆపేయండి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా పల్లెల్లో వోల్టేజీ పడిపోతుంది. భోజనాలయ్యాక పదకొండింటికి పెడితే తెల్లారేసరికి సాఫీగా ఎక్కుతుంది.

ఇంకొకటి, బిల్లు. నెలంతా అక్కడే ఉండి ఆ మీటరు మీదే కారు చార్జ్ చేస్తే వాళ్ల వాడకం పై శ్లాబుల్లోకి వెళ్తుంది. ఆఖరి శ్లాబులో యూనిట్ 9.75 రూపాయలు. అల్లుడి కారు కదా అని వాళ్లు ఏమీ అనరు, మీరే గమనించుకోవాలి.

హైవే పక్కన మాకు హోటల్ ఉంది. మేమే చార్జర్ పెట్టొచ్చా? లైసెన్స్ కావాలా?

లైసెన్స్ అక్కర్లేదు. కారుకి చార్జింగ్ ఇవ్వడం కరెంటు అమ్మడం కిందికి రాదని, ఒక సేవ అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ఈపీడీసీఎల్‌లో చార్జింగ్ స్టేషన్లకు వేరే కేటగిరీ కనెక్షన్ ఉంది. ముందు మీ సెక్షన్ ఆఫీసులో ఏఈ గారిని కలిసి మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడు మిగిలి ఉందో కనుక్కోండి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సి వస్తే దాని ఖర్చు మెషిన్ ఖర్చుతో పోటీ పడుతుంది. కేంద్రం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్ల కోసమే 2,000 కోట్లు కేటాయించింది. స్థలం మీదిచ్చి, మెషిన్ కంపెనీ పెట్టి, యూనిట్‌కి ఇంతని వాటా ఇచ్చే ఒప్పందాలూ నడుస్తున్నాయి.

ఒప్పందం రాసుకునేటప్పుడు అద్దె ఎంతని బేరమాడేవాళ్లే ఎక్కువ. మెషిన్ పాడైతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, రాకపోతే ఏమిటి అన్నది కూడా కాగితం మీద పెట్టించండి. పెద్ద మెషిన్ ఒకటి కాకుండా 30 కిలోవాట్లవి విడివిడిగా రెండు పెట్టమని అడగండి, ఒకటి పడుకున్నా రెండోది నడుస్తుంది. మీ దగ్గర పనిచేసే ఒక కుర్రాడికి గన్ పెట్టడం, ఎర్ర బటన్ తిప్పడం, ఎర్రర్ కోడ్ ఫొటో తీసి పంపడం నేర్పించండి. మీ ఫోన్ నంబరు మెషిన్ మీద పెద్దక్షరాలతో రాయించండి. పైన ఒక రేకుల షెడ్డు వేయిస్తే స్క్రీనూ కనిపిస్తుంది, ఆగినవాళ్లు ఎండలో మాడకుండా మీ దగ్గర టీ తాగుతారు.